చెన్నై ఇంటి గోడకు సున్నపు పూత: వాడి చూసిన మీదట ఒక సమీక్ష

పశ్చిమ మాంబళంలో 1980లలో కట్టిన మా ఇంటికి ఈ విడత రంగులు వేయించినప్పుడు ముందు గదికీ పడక గదులకూ సున్నపు పూత, వంటగదికి వాసన తక్కువగా ఉండే యాక్రిలిక్ ఎమల్షన్, కిటికీ ఊచలకు నీటితో పలుచన చేసే ఎనామెల్ వేయించాము. మూడూ ఒకే కప్పు కింద, ఒకే ఉప్పు గాలికి, ఒకే ఈశాన్య రుతుపవనాల తడికి నిలవవలసి వచ్చింది కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చూడడం సాధ్యమైంది. మా అమ్మగారికి ఉబ్బసం ఉంది. ఇంట్లో రంగుల పని పెట్టుకున్నప్పుడల్లా ఆవిడను బంధువుల ఇంటికి పంపవలసి వచ్చేది. అందువల్ల ఈసారి డబ్బా మీద ఏమి రాశారన్నది కాక, ఆ పదార్థం నుంచి గాలిలోకి ఏమి వస్తుంది, దుమ్ములోకి ఏమి రాలుతుంది అన్న రెండు ప్రశ్నలతోనే ప్రతి రకాన్నీ పరిశీలించాను. సమీక్షలో ఎక్కువ భాగం సున్నానిదే, ఎందుకంటే ఆ రెండు ప్రశ్నలకూ బాగా నిలిచినది అదే. అది పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. వాటినీ దాచకుండా రాస్తాను.

ఏ పెయింటులోనైనా ప్రధానంగా ఉండేవి రంగునిచ్చే పొడి, ఆ పొడిని గోడకు పట్టి ఉంచే బంక, రెండింటినీ పలుచన చేసే ద్రవం. తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్ వాడతారు. ఖరీదు తగ్గించడానికి సుద్ద, టాల్క్, చీనా మట్టి కలుపుతారు. ఎమల్షన్‌లో బంక యాక్రిలిక్ లేదా వినైల్ జాతి ప్లాస్టిక్, ద్రవం నీరు. నూనె ఎనామెల్‌లో బంక ఆల్కిడ్ రెసిన్, ద్రవం పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. వీటిలో గోడ మీద ఆరి గట్టిపడిన పొడి వల్ల ఇంట్లో ఉండేవారికి పెద్ద బాధ లేదు. బాధంతా ఆరేటప్పుడు పైకి లేచే ఆవిరితోనూ, కొద్ది మోతాదులో కలిపే ఇతర రసాయనాలతోనూ, మళ్ళీ గీకినప్పుడు లేచే దుమ్ముతోనూ వస్తుంది. ఇల్లంతా తలనొప్పి పుట్టించే ఎనామెల్ వాసన ఆ టర్పెంటైన్‌దే. రోజూ అదే గాలి పీల్చి బతికే పెయింటర్ల సంగతి మరీ విచారకరం: పెయింటరు వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే చేర్చింది. మనం రంగు ఎంచుకునేటప్పుడు మన ఊపిరితిత్తులతో పాటు వారివి కూడా లెక్కలోకి రావాలని నా నమ్మకం.

నీటితో చేసిన ఎమల్షన్ వాసన రాదు కాబట్టి నిరపాయం అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. నీరూ, చిక్కదనం కోసం కలిపే సెల్యులోజ్ పదార్థాలూ ఒక డబ్బాలో నెలల తరబడి ఉంటే బూజు పట్టి కుళ్ళిపోతాయి. అలా కాకుండా ఐసోథయజోలినోన్ జాతి నిలవ రసాయనాలు కలుపుతారు. ఇవి రంగు వేసిన తరువాత కొన్ని వారాల పాటు గది గాలిలోకి వస్తూనే ఉంటాయి. వీటి వల్ల అలర్జీ ఏర్పడిన వారికి కొత్తగా రంగు వేసిన గదిలోకి అడుగుపెడితే చాలు, గోడను తాకకుండానే ముఖం మీదా కనురెప్పల మీదా దద్దుర్లు రావచ్చు. ఈ జాతికి చెందిన మిథైల్ ఐసోథయజోలినోన్‌ను అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి 2013వ సంవత్సరపు ప్రధాన అలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటికి రాసుకుని కడగకుండా వదిలేసే క్రీములలో దాని వాడకాన్ని 2017 నుంచి ఐరోపా సమాఖ్య నిషేధించింది. చర్మానికి రాసుకునే క్రీములో వద్దన్న పదార్థం నాలుగు గోడల నిండా పూసుకునే రంగులో ఉండవచ్చునన్న సంగతి కొనేవారికి ఎవరూ చెప్పడం లేదు. నేను చూసిన డబ్బాలలో ఒక్కదాని మీద కూడా పూర్తి పదార్థాల జాబితా లేదు.

‘జీరో వీఓసీ’ అన్న మాట విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. వీఓసీ అంటే మామూలు వేడికే ఆవిరై గాలిలో కలిసే సేంద్రియ పదార్థాలు. వీటి మీద ఐరోపా సమాఖ్యలో చట్టబద్ధమైన పరిమితి ఉంది. లోపలి గోడలకు వేసే మెరుపు లేని నీటి రంగులలో లీటరుకు 30 గ్రాములు మించరాదన్న నియమం 2010 నుంచి అమలులో ఉంది. మన దగ్గర సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) పర్యావరణానికి మేలైన సరుకులకు ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర వంటివి స్వచ్ఛందమైనవి. అయితే ఐరోపా నిర్వచనంలో 250 డిగ్రీల లోపు మరిగే పదార్థాలే లెక్కకు వస్తాయి. ఎమల్షన్‌లోని ప్లాస్టిక్ రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పొరగా ఏర్పడడానికి వాడే కొన్ని ద్రావకాలు ఆ హద్దుకు కాస్త పైన మరుగుతాయి. కనుక అవి లెక్కలోకి రావు, గదిలోకి మాత్రం నెమ్మదిగా, చాలాకాలం పాటు వస్తాయి. మరొక సంగతి: డబ్బా మీది అంకె సాధారణంగా తెల్లని మూల రంగుకు సంబంధించినది. దుకాణంలో యంత్రం కింద పెట్టి మనకు నచ్చిన ముదురు రంగు కలిపించినప్పుడు, ఆ రంగు ద్రవాలలో గ్లైకాల్ వంటి ద్రావకాలు ఉంటే ఆ అంకె మారిపోతుంది. అందుచేత వంటగదికి నేను దాదాపు తెలుపే తీసుకున్నాను. కొనే ముందు ఆ ఉత్పత్తి సేఫ్టీ డేటా షీట్ అడగండి. అందులో మూడవ భాగంలో ప్రమాదకర పదార్థాల వివరం ఉంటుంది. దుకాణదారుకు తెలియకపోయినా చాలా కంపెనీల వెబ్‌సైట్లలో అది దొరుకుతుంది.

పాత ఇల్లు ఉన్నవారికి కొత్త రంగు కంటే పాత రంగే ఎక్కువ ప్రమాదం. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90) మించరాదని మన కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది 2016లో, అవి అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెళ్ళలో సీసపు క్రోమేటు వాడడం, త్వరగా ఆరడానికి సీసపు లవణాలు కలపడం మామూలు. పైగా ఈ నియమాలు ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ సంబంధించినవే కనుక, యంత్రాల కోసం అమ్మే పారిశ్రామిక ఎనామెల్‌ను చవకగా వస్తోందని గేటుకో ఉయ్యాల బల్లకో వేయించకండి. సీసానికి ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ 1990ల చివర మన పెద్ద నగరాలలో జరిపిన పరీక్షలలో, 12 ఏళ్ళ లోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు మించి సీసం ఉన్నట్లు తేలింది. అప్పట్లో అందులో ఎక్కువ పాపం పెట్రోలుది. పెట్రోలులో సీసం 2000తో పోయింది. కిటికీల మీది పాత ఎనామెల్ పొరలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా కిటికీ ఊచల మీద ఒక పెచ్చును కత్తి మొనతో లేపి చూస్తే ఏళ్ళ తరబడి వేసిన రంగులన్నీ అంచున గీతల్లా కనిపించాయి: పైన గోధుమ రంగు, దాని కింద ఆకాశనీలం, అడుగున గట్టి ఆకుపచ్చ. అటువంటి చోట ఉప్పుకాగితం పెట్టి పొడిపొడిగా రుద్దడం, బ్లోల్యాంప్‌తో కాల్చడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఊచలను తడుపుతూ, నీళ్ళతో వాడే ఉప్పుకాగితంతో రుద్దించాము, కింద ప్లాస్టిక్ పట్టా పరిచాము, పనివారికి ఎన్95 మాస్కులు ఇచ్చాము. రాలినదాన్ని చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచి, సంచిలో మూట కట్టించాము. ఇంట్లో పసిపిల్లలు ఉంటే పని మొదలు పెట్టక ముందే ఒక పెచ్చును ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపి సీసం పరీక్ష చేయించడం మంచిది.

ఇక సున్నం. సున్నపురాయినో గుల్లలనో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్ళలో వేస్తే కుతకుత ఉడికి తడి సున్నమవుతుంది. గోడకు పూశాక అది గాలి నుంచి అదే వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. గోడ మీద మిగిలేది పలుచని సున్నపురాయి పొరే తప్ప ప్లాస్టిక్ పొర కాదు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే. తడి సున్నానికి క్షారగుణం ఎంత ఎక్కువంటే, పీహెచ్ 12 దాటి ఉంటుంది. అందులో ఏ బూజూ బతకదు కనుక నిలవ రసాయనం అక్కరలేదు. ఎమల్షన్‌తో పోలిస్తే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన తేడా ఇదే. ఈ నగరానికి సున్నం కొత్తదీ కాదు. గుల్ల సున్నాన్ని బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన వంటి వాటితో కలిపి, చలువరాయిలా నునుపు తేలేదాకా రుద్దిన మద్రాసు సున్నపు పని ఒకప్పుడు విదేశీ యాత్రికులు సైతం మెచ్చుకున్న విద్య. మేము వేయించినది అంత గొప్ప పనితనం కాదు, మన ఊళ్ళలో సంక్రాంతికి వేసే వెల్లకు కాస్త శ్రద్ధ చేర్చినది మాత్రమే.

కొనేటప్పుడు గుల్ల సున్నం కావాలని అడగాలి. ఇక్కడి దుకాణాలలో దాన్ని కిళింజల్ సున్నాంబు అంటారు. నీళ్ళలో నానబెట్టిన ముద్దనే తీసుకోవడం మేలు. సంచుల్లో వచ్చే పొడి ఎన్నాళ్ళుగా నిలవ ఉందో తెలియదు, చెమ్మ తగిలి సగం సుద్దగా మారిపోయి ఉంటే గోడకు పట్టదు. ఇంకా తడపని కాల్చిన సున్నాన్ని ఇంట్లోనే తడపాలని చూస్తే ఉడుకుతూ ఎగిరిపడి ఒళ్ళు కాలుతుంది, అలవాటు లేనివారు ఆ జోలికి పోవద్దు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) నిర్దేశాల ప్రకారం వెల్లకు కిలో తడపని సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు, ఘనపు మీటరు సున్నపు పాలకు వేడినీళ్ళలో కరిగించిన 4 కిలోల బంక కావాలి. బంకగా మేము తుమ్మ జిగురు వాడాము. ఈ మోతాదు దాటితే పూత గట్టిపడదు సరికదా, పొరలు పొరలుగా లేస్తుంది.

పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు. ప్లాస్టిక్ పొర నీటిని పీల్చుకోదు కాబట్టి సున్నం పైపైనే ఎండి రాలిపోతుంది. గోడలను సిమెంటు పూత కనిపించేదాకా గీకించవలసి వచ్చింది. మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఆ కూలిదే. సున్నం సరుకు ఎంత చవకో దానికి కావలసిన చేతిపని అంత ఖరీదు. గీకిన గోడను ముందుగా నీళ్ళతో తడిపి, మజ్జిగలా పలుచగా ఉన్న సున్నాన్ని వెడల్పు కుంచెతో మొదట అడ్డంగా, తరువాతి పూత నిలువుగా వేశారు. మొదటి పూత వేసిన సాయంత్రం గోడ మీద ఏమీ వేయనట్లే ఉంది. సిమెంటు బూడిద రంగు అంతా కనిపిస్తోంది. నా ముఖం చూసి చిత్తూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రి, ‘‘తడి మీద సున్నం కనబడదమ్మా, రేపు పొద్దున చూడండి, అప్పుడు చెప్పండి’’ అన్నాడు. తెల్లవారేసరికి గోడ పాలిపోయినట్లు తెల్లబడింది, ఒక్కొక్క పూతకూ ఆ తెలుపు లోతెక్కుతూ వచ్చింది. ఎండ నేరుగా పడే గోడకు మాత్రం పూత మరీ త్వరగా ఎండిపోకుండా మధ్యమధ్య నీళ్ళు చిలకరించాలి. చెమ్మ లేకపోతే సున్నం గాలిని పీల్చుకుని రాయిగా మారలేదు, చేయి పెడితే పొడి అంటుకుంటుంది. మా ముందు గదిలో పడమటి గోడకు ఈ లోపం కొంత మిగిలింది, ఆనుకుని కూర్చుంటే చొక్కాకు తెల్లగా అంటుతోంది.

రంగు విషయంలో సున్నానికి హద్దులున్నాయి. క్షారాన్ని తట్టుకునే ఖనిజాలే అందులో నిలుస్తాయి: జాజు, పసుపు మన్ను వంటి ఇనుప ఆక్సైడ్లు, బట్టలకు పెట్టే నీలి రంగు. సహజమే కదా అని పసుపు కలిపితే ఏమవుతుందో దిష్టి నీళ్ళు తీసిన ఎవరికైనా తెలుసు. ఎర్రబడుతుంది, ఆ ఎరుపు కూడా వెలుతురుకు నిలవదు. మేము పడక గదికి కొద్దిగా పసుపు మన్ను కలిపించాము. ఆరాక రంగు తడిగా ఉన్నప్పటి కంటే చాలా తేలికపడుతుంది కాబట్టి ముందు ఒక మూల నమూనా వేసి, పూర్తిగా ఆరనిచ్చి చూసుకోవాలి. గోడంతా ఒకే తీరుగా రాదు, కుంచె జాడలు తెలుస్తాయి. నాకు అది అందంగానే ఉంది; కంపెనీ షేడ్ కార్డులోని నునుపు కావాలనుకునే వారికి నచ్చదు.

వాన కాలంలో తేడా బాగా తెలిసింది. మా మేడ మీది నుంచి చెమ్మ దిగే గోడ ఒకటి ఉంది. ఇదివరకు ఎమల్షన్ ఉన్నప్పుడు ప్రతి కార్తీక మాసానికీ అక్కడ పొర లోపల నీరు చేరి పొంగులు వచ్చేవి, పగిలి పెచ్చులు ఊడేవి, ఆ పెచ్చుల వెనుక నల్లని బూజు ఉండేది. బూజు ఉబ్బసానికి పాత శత్రువు. సున్నం వేశాక చెమ్మ వచ్చింది, గోడ ముదురు రంగుకు తిరిగింది, వానలు తగ్గాక ఆరి తెల్లబడింది; ఉప్పు కొంత పైకి పొంగింది, పొడిగుడ్డతో తుడిస్తే పోయింది. చెమ్మకు మూలం మేడ మీద ఉంది, దాన్ని సున్నం బాగు చేయదు. లోపలి నీటికి బయటికి దారి ఇస్తుంది, అంతవరకే. పని జరిగినన్నాళ్ళూ అమ్మ ఇంట్లోనే ఉన్నారు, గీకే సమయంలో మాత్రం పక్కింట్లో కూర్చున్నారు.

వంటగదిలో సున్నం వేయవద్దు. నూనె చిందితే అది లోపలికి ఇంకిపోతుంది, నిమ్మరసం, చింతపండు పులుసు వంటి పులుపు తగిలితే పూత కరుగుతుంది, తడిగుడ్డతో రుద్ది తుడవడం కుదరదు. స్నానాల గదిలో నీళ్ళు నేరుగా పడే చోట్లా అంతే. వంటగదిలో ఎమల్షన్ పని చక్కగా చేస్తోంది. వేసిన తరువాత కిటికీలు రాత్రీ పగలూ తెరిచి ఉంచాము, చాలా రోజుల వరకు అక్కడ పడుకోనివ్వలేదు. ఊచలకు వేసిన నీటి ఎనామెల్ ఆరడంలో కొంత నిదానం, వాసన మాత్రం పాత నూనె ఎనామెల్‌లో పదోవంతు లేదనిపించింది. నూనె ఎనామెళ్ళలో పైన మీగడ కట్టకుండా కలిపే ఒక ఆక్సైమ్ రసాయనాన్ని ఐరోపా సమాఖ్య క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆ కారణం చేత కూడా నీటి రకం వైపే మొగ్గాను.

సహజ రంగు అనగానే చాలామంది అడిగేది గోమయ పెయింటు గురించి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ వారి ఖాదీ ప్రాకృతిక్ పెయింట్‌ను 2021 జనవరి 12న నితిన్ గడ్కరీ ఆవిష్కరించారు; జైపూర్‌లోని కుమారప్ప జాతీయ చేతి కాగిత సంస్థ దాన్ని రూపొందించింది. అప్పటి ధర డిస్టెంపర్ లీటరు 120 రూపాయలు, ఎమల్షన్ 225 రూపాయలు. సీసం, పాదరసం, క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం లేవని వారి హామీ. గ్రామాలలో గోశాలలకూ రైతులకూ ఆదాయం రావడం అన్నది నేను మనస్ఫూర్తిగా మెచ్చే ఉద్దేశం. మా ఇంట్లో ఇది వేయించలేదు కనుక పనితీరు గురించి తీర్పు చెప్పను. కానీ పేడ ఉన్నంత మాత్రాన అలికిన నేలతో సమానమని అనుకోకూడదు. నీటిలో నిలవ ఉండే సేంద్రియ ద్రవం ఏదైనా చెడకుండా ఉండాలంటే ఏదో ఒక ఏర్పాటు కావాలి, గోడకు పట్టి ఉండాలంటే బంక కావాలి; ఆ రెండూ ఏమిటని ఏ సహజ పెయింటు అమ్మేవారినైనా అడగవలసిందే.

అవిసె నూనె రంగులకూ ఇదే మాట. చెక్క తలుపులకు అవి మంచివే; కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండలు చుట్టి మూలన పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు, నీళ్ళ బకెట్టులో వేయాలి, లేదా విడదీసి ఆరబెట్టాలి. వాటిని పలుచన చేసే దేవదారు టర్పెంటైన్, నారింజ తొక్కల నూనె చెట్ల నుంచి వచ్చినవే అయినా వీఓసీలే. నారింజ నూనెలోని లిమోనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. చెట్టు నుంచి వచ్చినదంతా ఊపిరికి మంచిదని లేదు.

సున్నం కూడా చేతులకు కరుణ చూపదు. చర్మం పగులుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, వెంటనే కనీసం పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. పైకప్పుకు వేసేటప్పుడు చుక్కలు నేరుగా ముఖం మీద పడతాయి. పనివారు కళ్ళద్దాలు పెట్టుకోవడానికి మొదట ఒప్పుకోలేదు, చెమటకు మసకబారుతున్నాయన్నారు. తరచుగా తుడుచుకోవడానికి విరామం ఇస్తామని, దానికి కూలి కోత ఉండదని చెప్పాక పెట్టుకున్నారు. చేతులకు తొడుగులు, ఒంటికి కొబ్బరినూనె కూడా ఒప్పందంలోనే రాసుకోండి. ఈ పని తెలిసిన మేస్త్రులు చెన్నైలో తగ్గిపోతున్నారు. పుట్టీ, ఎమల్షన్ మాత్రమే చేసేవారు సున్నం మీద రోలరు తిప్పాలని చూస్తారు, అది కుదరదు. కనుక మనిషిని ఖాయం చేసుకునే ముందు ఆయన వెల్ల వేసిన ఇల్లు ఒకటి చూపించమని అడగండి.

పని పెట్టుకోవడానికి సంక్రాంతి దాటాక వచ్చే వారాలు ఇక్కడ అనువైనవి: వానలు తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, గాలిలో కొద్దిపాటి చెమ్మ ఉంటుంది. రెండు మూడేళ్ళకు ఒకసారి పైన ఒక పూత చాలు, మళ్ళీ గీకించనక్కరలేదు. మిగిలిన సున్నపు ముద్దను మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, పైన నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలిచేలా పోసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఏళ్ళు గడిచినా చెడదు, నానిన కొద్దీ మెత్తబడి గోడకు ఇంకా బాగా పడుతుంది.